మానేసిందా, మాన్పించారా

ఉద్యోగం కోసం వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఉతికి ఆరేసి, చివర్లో తీరిగ్గా "మరి మీరేమైనా మమ్మల్ని అడుగుతారా?" అనడం ఏం మర్యాదో, ఆ పద్ధతి పెట్టినవాళ్ళకే తెలియాలి. అడిగితే మహా తెలిసినదానిలా మాట్లాడుతోందంటారు. అడక్కపోతే ఏమీ తెలియని మొద్దంటారు. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి.

తిరగలమ్మకు ఇలాంటి పద్ధతి ఒకటుందని మొన్నటిదాకా తెలియదు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. అందులో ఇరవై ఒక్కేళ్ళు బట్టలు కుట్టే కార్ఖానాలో చెకింగు బల్ల దగ్గర నిలబడింది. అయినా ఇంటర్వ్యూ మొహం చూసి ఎరగదు. ఆ రోజుల్లో తెలిసినావిడ ఒకామె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి "ఇది మన పిల్లే" అంటే, సూపర్‌వైజరు తలెత్తకుండా "రేపట్నుంచి రమ్మను" అన్నాడు. అంతే, ఉద్యోగం వచ్చేసింది.

తిరగలమ్మ అనేది ఆమె పేరు కాదు, కార్ఖానావాళ్ళు పెట్టింది. ఏ చొక్కా చేతికిచ్చినా ముందు తిరగేసి, లోపలివైపు చూసి, ఆ తర్వాతే పైవైపు చూసేది. "పైకి కనిపించేవైపు ఎవరైనా బాగానే కుడతారు. మనిషి బుద్ధి లోపలి కుట్టులో తెలుస్తుంది" అనేది. కుట్టు వంకరపోతే మొహమాటం లేకుండా తిప్పి పంపేది. దాంతో మిషన్ల మీద కూర్చున్నవాళ్ళు "అమ్మో తిరగలి, మనల్ని పిండి చేసి వదుల్తుంది" అనుకునేవాళ్ళు. తిట్టుకుంటూనే తమ ఇంట్లో పెళ్ళిబట్టలు మాత్రం తెచ్చి ఆమెకే చూపించుకునేవాళ్ళు. మనుషులంతే మరి.

ఇప్పుడామెకు ఆ బల్ల లేదు. మూడు నెలలుగా ఇంట్లోనే ఉంటోంది. పక్క ఊళ్ళో పసిపిల్లల బట్టలు కుట్టే వర్క్‌షాపులో చెకింగుకు మనిషి కావాలన్న ప్రకటన చూసి, దరఖాస్తు పెట్టించింది ఆమె ఆడపడుచు. రైల్లో నలభై నిమిషాల దూరం. అంత దూరం పిలిపించి పొమ్మనడం బాగోదని, ముందు వీడియోలో మాట్లాడతానన్నాడు ఆ వర్క్‌షాపు ఓనరు. శనివారం పొద్దున పదకొండింటికి ఫోన్ చేస్తానన్నాడు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఈ ఆడబిడ్డ అర్ధంతో ఆగే రకం కాదు. పార్సిల్ ఆఫీసు కౌంటర్లో పని చేస్తుంది. ఆ ఒక్క ఉద్యోగం రావడానికి ముందు పదిచోట్ల ఇంటర్వ్యూలకెళ్ళి పదిచోట్లా పోగొట్టుకుంది గనక, ఇంటర్వ్యూల విషయంలో తనంత పండితురాలు లేదని ఆమె నమ్మకం. శనివారం సెలవు కావడంతో తొమ్మిదింటికే వచ్చి వాలింది. కుట్టుమిషను మూత మీద డబ్బా పెట్టి, దానికి ఫోను ఆనించి, ఎదురుగా కుర్చీ వేసి, వదినను అందులో కూర్చోబెట్టింది.

"వదినా, ఇప్పుడు నేను ఓనర్ని. నువ్వు నువ్వే. సరేనా? ఆఖర్న నేనంటాను: మీరు మమ్మల్నేమైనా అడగాలనుకుంటున్నారా?"

"ఏమీ లేదండీ. అంతా మీ దయ."

ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. "దయేంటి వదినా, దయ! అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, వినలేదా?"

"అమ్మనైతే అడగొచ్చే. ఓనర్ని అడిగితే ఉన్నది కూడా పీకుతాడు."

"పీకడానికి ఇప్పుడు నీ దగ్గరేముందట?"

ఆ మాట అనేసి నాలిక్కరుచుకుంది ఆడపడుచు. తిరగలమ్మ విననట్టు కుర్చీ సర్దుకుంది. తర్వాత ఆడపడుచు సంచిలోంచి నాలుగు తెల్లకాగితాలు తీసింది. రాత్రంతా ఫోన్లో వెతికి ఏరుకొచ్చిన ప్రశ్నలవి, ఎర్రసిరాతో ఒక్కో కాగితం మీద ఒక్కోటి రాసింది. ఫోను వెనక బీరువా తలుపుకు వరసగా అంటించింది. ఓనరుకు కనపడవు, వదినకు కనపడతాయి. ఆలోచన మంచిదే.

"చదువు."

తిరగలమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. "మీ సంస్థ విలువలు ఏమిటి? విలువలంటే ఏంటే? ఒక్కో గౌను ఎంతకమ్ముతారనా?"

"కాదు! వాళ్ళ... అంటే, నీతీ నియమాలూ."

"ఏ ఓనరైనా మాకు నీతి లేదని చెప్తాడా? రెండోది... రాబోయే ఐదేళ్ళలో మీ సంస్థ ఎక్కడుంటుంది? ఎక్కడుంటుందే పిచ్చిదానా, ఉన్నచోటే ఉంటుంది. ఇంటాయన ఖాళీ చేయించకపోతే."

"వదినా!"

"సరే సరే. ఈ ఉద్యోగంలో విజయమంటే మీ దృష్టిలో ఏమిటి? చెకింగులో విజయమేంటి నా మొహం! పంపిన సరుకు వెనక్కి రాకపోవడం. ఆ మాత్రం తెలియనివాడి దగ్గర నేను పని చెయ్యను."

"ఆ పొగరు తగ్గించుకుని అదే మాట ప్రశ్నలా అడుగు. నీకు పుణ్యముంటుంది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. వాళ్ళిద్దరికీ పెళ్ళినాటినుంచి ఇంతే. పోట్లాట ఎక్కడ ఆగి నవ్వు ఎక్కడ మొదలవుతుందో పక్కనున్నవాళ్ళకు తెలియదు.

అయితే అంత చనువున్న ఆడపడుచుకు కూడా తిరగలమ్మ ఒక మాట చెప్పలేదు. అడిగినవాళ్ళందరికీ "మానేశాను, నడుం పట్టేస్తోంది" అనే చెప్పింది. అది అబద్ధం.

జరిగింది వేరు. ముదురు నీలం యూనిఫారం ప్యాంట్లు ఒక లాటు వెనక్కొచ్చింది. నీలం బట్ట మీద నీలం దారం, మూడుచోట్ల కుట్టు తప్పిపోయింది, చెకింగులో ఎవరూ పట్టుకోలేదు. ఆ బల్ల తిరగలమ్మది. భోజనాల గంట కొట్టి, అందరూ చేతులు కడుక్కోవడానికి లేస్తున్న సమయంలో కొత్త సూపర్‌వైజరు ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. సూదీ దారమూ చేతికిచ్చి "ఇది ఎక్కించు అక్కా, చూద్దాం" అన్నాడు. ఒకసారి ప్రయత్నించింది. దారం కొస తడిచేసి రెండోసారి ప్రయత్నించింది. మూడోసారీ దారం బెజ్జం పక్కనుంచే పోయింది. ఎవరైనా నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు, అందరూ తలలొంచుకుని తమ డబ్బాల మూతలు తియ్యడం మొదలుపెట్టారు. "రేపట్నుంచి రెస్టు తీసుకో" అన్నాడు సూపర్‌వైజరు, ఉపకారం చేస్తున్నట్టు. ఆమె తన డబ్బా తెరవకుండానే అప్పుడే బయటికొచ్చేసింది.

ఇరవై ఒక్కేళ్ళు ఒక సూదిబెజ్జంలోంచి జారిపోయాయి. ఈ సంగతి ఇంట్లో చెబితే తను ఇక ఎవరికీ తిరగలమ్మ కాదని, చూపు పోయిన ముసలిదని ఆమె భయం. వారం తర్వాత ఒక్కతే వెళ్ళి కళ్ళద్దాలు కొనుక్కుంది, ఇంట్లో మాత్రం చదువుకోవడానికని చెప్పింది. పెట్టుకుంటే సూదిబెజ్జమే కాదు, దారంలో పోగులు కూడా లెక్కపెట్టగలిగింది. అప్పుడింకా ఎక్కువ ఏడుపొచ్చింది. ఒక్క వారం ముందు కొనుక్కుని ఉంటే, అనిపించింది.

పదకొండు కావస్తోంది. ఆడపడుచు ఓనరుకు కనపడకుండా బీరువా పక్కన నేల మీద చతికిలబడింది. "సార్ అనాలి, బాబూ గీబూ అనకు" అంది ఆఖరి హెచ్చరికగా. ఫోను మోగింది. సరిగ్గా ఆ క్షణాన తిరగలమ్మ కళ్ళద్దాలు తీసి తొడకింద దోపేసుకుంది. కళ్ళద్దాలు చూస్తే ఈయన కూడా సూదీ దారం తెస్తాడని ఆమె గుండె చెప్పింది.

ఆడపడుచు కళ్ళు వెళ్ళుకొచ్చాయి. కాగితాలవైపు చూపించి, కళ్ళవైపు చూపించి, చేతులతో ఏదేదో నాట్యం చేసింది. అప్పటికే తెర మీద మనిషి వచ్చేశాడు.

"నమస్కారం అమ్మా. వినపడుతోందా? వెనక మిషన్ల గోల, ఏమనుకోకండి."

ముప్ఫై అయిదు దాటిన మనిషి. మెడలో టేపు. తిరగలమ్మకు అంతవరకే తెలిసింది, మిగతాదంతా పొగమంచు. గొంతు మాత్రం మర్యాదగా ఉంది. ఎన్నేళ్ళు చేశారు, ఏమేం చూసేవారు, రోజుకు ఎన్ని ముక్కలు అని అడిగాడు. వీటికి ఆమె తడుముకోలేదు.

"పాత చోట ఎందుకు మానేశారు?"

"మార్పు కోసమండీ. చాలా ఏళ్ళయిందని నేనే మానేశాను." ఆడపడుచు నేర్పించిన వాక్యమే. ఎక్కడా ఊపిరి పీల్చకుండా చెప్పేసింది.

ఆయన ఏదో రాసుకున్నాడు. తర్వాత తెల్లటి చిన్న వస్తువొకటి ఎత్తి చూపించాడు. "ఇది మా సరుకు. మీ చేతికొస్తే ఏం చూస్తారు?"

గ్లౌజో మేజోడో ఆమెకు తెలియలేదు. ఏదైతేనేం, పసివాళ్ళదే కదా. "ముందు తిరగేస్తానండీ. పైవైపు తర్వాత. లోపల కత్తిరించకుండా వదిలేసిన దారం ఉందేమోనని వేలు పెట్టి చుట్టూ తిప్పి చూస్తాను. పెద్దవాళ్ళకైతే దారం తగిలితే లాగి పారేస్తారు. పసిదానికి అది వేలికి చుట్టుకుంటే వేలు వాచిపోతుంది. ఏడుస్తుంది. ఎందుకేడుస్తోందో చెప్పలేదు పాపం. తల్లేమో ఆకలనుకుంటుంది."

అవతల ఆ తెల్లటి వస్తువు మెల్లగా కిందికి దిగింది.  

"బాగా చెప్పారమ్మా" అన్నాడాయన. గొంతు మారింది. "సరే. మరి మీరేమైనా మమ్మల్ని అడుగుతారా?"

వచ్చేసింది! తిరగలమ్మ బీరువా తలుపువైపు చూసింది. నాలుగు తెల్లగుడ్డలు ఆరేసినట్టున్నాయి, అక్షరమన్నది ఒక్కటీ లేదు. కింద ఆడపడుచు అయిదు వేళ్ళూ చాపి ఊపుతోంది. ఐదేళ్ళు అని ఆమె గోల.

"మీ దగ్గర... ఐదుగురే ఉన్నారా సార్?"

"లేదమ్మా, ఇరవై ఇద్దరు."

ఆడపడుచు మోకాళ్ళలో తల దూర్చేసింది. తిరగలమ్మకు అరువు ప్రశ్నలతో లాభం లేదని అర్థమైంది. చేసేదేముంది, తనకు తెలిసిందే అడిగింది. "మిషను మీద సూది విరిగితే ఏం చేస్తారండీ?"

ఆయన ముందుకు వంగాడు. "విరిగిన ముక్కలన్నీ ఏరి కాగితం మీద అతికించి చూస్తామమ్మా. పూర్తి సూది అయితేనే మళ్ళీ మిషను నడుస్తుంది. ఒక్క ముక్క తగ్గినా ఆ పూట కుట్టిన బట్టలన్నీ పక్కన పెట్టేస్తాం. మా అత్తయ్య పెట్టిన పద్ధతి. నాన్నా ఆవిడా కలిసి మొదలుపెట్టారు ఈ వర్క్‌షాపు."

"మంచి పద్ధతి" అంది తిరగలమ్మ మనస్ఫూర్తిగా. "మరి ఇన్నాళ్ళూ చెకింగు కూడా ఆవిడేనా?"

"ఆవిడే."

"ఇప్పుడు?"

"మానేసింది."

ఊపిరి పీల్చకుండా అన్నాడు ఆ మాట. చివర్లో గొంతు కాస్త కిందికి దిగింది, ఇక దీని గురించి వద్దన్నట్టు. ఆ మాట అలా పలకడం తిరగలమ్మకు బాగా తెలుసు, మూడు నెలలుగా తను చేస్తున్న పని అదే. పైవైపు నున్నగా ఉంది. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ తిరగేసింది.

"మానేసిందా బాబూ, మాన్పించారా?"

కింద కూర్చున్న ఆడపడుచు రెండు చేతులతో నోరు మూసుకుంది, అడిగింది తనే అయినట్టు. ఆయన మెడలో టేపు సర్దుకున్నాడు.

"ఆ ప్రశ్న ఇప్పుడెందుకమ్మా?"

"తప్పుగా అనుకోవద్దు. రేపు ఆ బల్ల దగ్గర నిలబడేది నేనే కదా. నా ముందు నిలబడ్డావిడ ఎలా వెళ్ళిందో తెలిస్తే, రేపు నేనెలా వెళ్తానో తెలుస్తుంది."

ఆయన లేచి వెళ్ళాడు. తలుపు మూసిన చప్పుడయింది, మిషన్ల గోల తగ్గింది. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"మాన్పించాం" అన్నాడు. "మేజోడులో దారం మిగిలిపోయింది. ఒక పాప కాలివేలికి చుట్టుకుంది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు, వాళ్ళ అమ్మ చూసుకుంది. అత్తయ్యకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదని నాకప్పటికే అనుమానంగా ఉండేది. అడగలేకపోయాను. ఎత్తుకుని పెంచిన మనిషి."

"మరి ఆవిడకు మీరే చెప్పారా?"

"చెప్పించాను. మా దగ్గర లెక్కలు రాసే ఆయనతో. ఆ రోజు నేను వర్క్‌షాపుకే రాలేదు."

చెప్పడానికీ చెప్పించడానికీ మధ్య ఉన్నది ఒక్క ఇంచే. కానీ కుట్టుపనిలో ఉన్నవాళ్ళనడగండి, ఇంచంటే ఎంతో చెప్తారు. భుజం దగ్గర ఒక్క ఇంచు తేడా వస్తే ఆ చొక్కా ఎవరికీ పట్టదు.

"రెండు నెలలయింది. ఆవిడ మాట్లాడదు. నేను వెళ్ళలేదు." ఆయన తెరకు దగ్గరగా జరిగాడు. "మీరడిగారు, చెప్పాను. ఇప్పుడు నేనూ అదే అడగొచ్చా అమ్మా? మీరు అక్కడ మానేశారా..."

మిగతా సగం అనలేదు, మర్యాదస్తుడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ ఇద్దరిలో ఎవరు లోకువో తెలియడం లేదు. తిరగలమ్మ మళ్ళీ ఆ నున్నటి వాక్యమే చెప్పవచ్చు. పక్కన ఆడపడుచు ఉంది. నిజం చెబితే ఉద్యోగమూ పోతుంది, ఇంట్లో పరువూ పోతుంది. చెప్పకపోతే, తను ఇప్పుడే వేలెత్తి చూపించిన ఆ కుట్టు తన ఒంటి మీదే ఉండిపోతుంది.

తొడకింద నుంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. అప్పుడు కనిపించాడాయన. కళ్ళకింద నలుపు, భుజం మీద తెల్లదారపు పోగు.

"మాన్పించారు బాబూ" అంది. సూది సంగతి, దారం సంగతి, డబ్బాల మూతల సంగతి, అన్నీ చెప్పింది. "ఈ అద్దాలుంటే ఇప్పుడు బాగానే కనిపిస్తోంది. మీ భుజం మీద దారం కూడా కనిపిస్తోంది. రేపెలా ఉంటుందో మాత్రం నేను చెప్పలేను."

ఆయన భుజం దులుపుకున్నాడు. "సాయంత్రంలోపు ఫోన్ చేస్తామమ్మా" అన్నాడు. తెర నల్లబడింది.

 ముందు లేచింది ఆడపడుచే.

"ఎవడు వదినా వాడు, ఆ సూపర్‌వైజరు? వాడి ఇల్లెక్కడ?"

"నువ్వెళ్ళి ఏం చేస్తావే?"

"వాడి చేతే సూదిలోకి తాడు ఎక్కిస్తాను!" కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని అంది. "నాకెందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా?"

"నువ్వు అర్ధమొగుడివి కదే. నీకు చెప్తే మొత్తం మొగుడికి తెలిసిపోతుంది."

ఆడపడుచు నవ్వలేక, ఏడవలేక వచ్చి వదిన మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. ఈ పిల్ల పదకొండేళ్ళప్పుడు తిరగలమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. అప్పట్లో కూడా పిడుగు పడితే ఇలాగే వచ్చి పట్టుకునేది.

"ఉద్యోగం పోయినట్టేలే" అంది తిరగలమ్మ.

"పోతే పోనీ. నా కాగితాలు మాత్రం దండగ చేశావు." ఆ కాగితాలు పీకి, వెనకవైపు ఖాళీగా ఉంది కదా, పచారీ సామాను రాసుకోవచ్చని మడిచి పెట్టింది.

నాలుగింటికి ఫోను మోగింది. కొత్త నంబరు. ఆడ గొంతు, బాగా పెద్దావిడది, పలకరింపూ గిలకరింపూ లేదు.

"మావాణ్ణి నిలదీసింది నువ్వేనా?"

తిరగలమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "నిలదియ్యలేదండీ. అడిగానంతే."

"వాడికి రెండూ ఒకటే. పన్నెండుకల్లా నా గుమ్మంలో ఉన్నాడు. అన్నం పెడితే తిన్నాడు, నోరు తెరవలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, నేనే చెప్పాల్సింది అత్తయ్యా, చెప్పించాను అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రెండు నెలలుగా వాణ్ణి తిట్టుకోని పూట లేదు. ఏడుస్తుంటే చూడలేకపోయాను, వెధవ ప్రాణం." పెద్దావిడ ముక్కు ఎగబీల్చింది. "అది సరే. నల్లబట్ట మీద నల్లదారం ఎలా చూస్తావు?"

"చూడనండీ. గోటితో కుట్టు వెంట గీస్తాను. కుట్టు తప్పినచోట గోరు జారుతుంది. ఆ నీలం ప్యాంట్ల లాటప్పుడు తొందరపెట్టారు, గీయలేదు. అది నా తప్పే."

"ఊఁ." ఆ ఊఁలో ఒక జీవితకాలం పనుంది. "సోమవారం ఏడున్నరకు వచ్చెయ్. బల్ల కిటికీ పక్కకి జరిపించమన్నాను. నేను పదహారేళ్ళూ గోడవైపు తిరిగి నిలబడ్డాను, ఆ బుద్ధి అప్పుడు లేకపోయింది."

"మీరు కూడా వస్తారా అండీ?"

"నేనెందుకు? నాకు కనిపించడం లేదు, అది నిజమే కదా. నాకు కావలసింది వాడొచ్చి మొహం చూసి చెప్పడం. చెప్పాడు, చాలు. నీ విషయంలోనూ వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. ఆర్నెల్లకోసారి నీ కళ్ళు చూపించడం వాడి పని. కనిపించని రోజున మొహం చూసి చెప్పుకోవడం మీ ఇద్దరి పని. అందరి ముందూ కాదు." ఫోను పెట్టేసింది.

తిరగలమ్మ ఆ మాటలన్నీ పొల్లుపోకుండా ఆడపడుచుకు చెప్పింది. విషయం వినగానే ఆడపడుచు ఎగిరి గంతేసి, కిందింటివాళ్ళు పైకి చూసేలా అరిచి, ఆ తర్వాత చెప్పులేసుకుంది. "నేను పోతున్నా. అన్నయ్యకు నువ్వే చెప్పు. ఉద్యోగం సంగతీ, రెండోదీ. చెప్పించకు!"

తిరగలమ్మ భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆరున్నరకు ఇంటికొచ్చి, గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటాడు. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. తిరగలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా! ఎవరనుకున్నారు మా ఆవిడంటే!" అన్నాడు వీధికి వినపడేలా.

"ఇంకొకటి చెప్పాలండీ. నేను అక్కడ మానెయ్యలేదు. మాన్పించారు."

"తెలుసు" అన్నాడు, రెండో బూటు లేసు విప్పుతూ.

ఆమె అర్థం కానట్టు చూసింది.

"మీవాళ్ళంతా సాయంత్రం నా బస్సే కదా ఎక్కేది. ఆ రోజే కాజాలు కుట్టే ఆవిడ దిగేటప్పుడు నా దగ్గర ఆగి చెప్పింది. ఆవిడ కూడా ఏడ్చిందిలే."

"తెలిసి... మూడు నెలలూ అడగలేదా?"

"అడిగితే నువ్వు చెప్పాలి కదా. చెప్పాలంటే మళ్ళీ ఆ సూది పట్టుకోవాలి కదా. ఎందుకులే అనుకున్నాను."

ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎందుకులేనా! ఒక్కదాన్నే మోసుకుంటూ తిరిగాను ఇన్నాళ్ళూ! నడుం నొప్పని నేనంటే, రోజూ పడుకునేముందు మందు కూడా రాశారు కదా మీరు! లేని నొప్పికి!"

"నొప్పి ఉంది కదే. ఎక్కడుందో నాకేం తెలుసు. నువ్వు నడుమన్నావు, నడుముకి రాశాను."

ఆమెకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. ఆయన బూట్లు రెండూ జత చేసి గోడవారగా పెట్టాడు. పెట్టాక కూడా లేవలేదు.

"ఒకటడగనా? ఆ రోజునుంచీ అడగాలని ఉంది."

"అడగండి."

"ఆ మధ్యాహ్నం ఇంటికెలా వచ్చావు? నా బస్సు ఎక్కలేదు."

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఓనరూ అడగలేదు, ఆడపడుచూ అడగలేదు, తనకు తనే వేసుకోలేదు.  తిరగలమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"నడిచొచ్చానండీ."

"పదకొండు స్టాపులు!"

"మధ్యలో మీ బస్సు వస్తుంటే చూశాను. మందుల షాపులోకి దూరాను. ఎక్కితే అద్దంలో నా మొహం చూస్తారు కదా మీరు. ఆ బస్సే తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ చూశాను. అప్పుడు దూరడానికేమీ లేదు, గోడవైపు తిరిగి నిలబడ్డాను."

ఆయన వంగి, ఆమె పాదాలు రెండూ తన ఒళ్ళోకి తీసుకున్నాడు. స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులతో మెల్లగా ఒత్తడం మొదలుపెట్టాడు. వీధిన పోయేవాళ్ళు చూస్తారని ఆమె కాళ్ళు లాక్కోబోయింది. మూడు నెలల కిందటి నడకకు ఇప్పుడా మందు, అని వెక్కిరించబోయింది. కానీ ఆయన భుజం మీద తల పెట్టి, ఆ రోజు ఆ పదకొండు స్టాపుల్లోనూ ఆపుకున్నదంతా ఏడ్చేసింది.